ఊడ్చిన ఇప్పచెట్టు కింద మూడు ఉదయాలు

మా కిరండుల్ రైల్వే కాలనీలో ఈ యాత్ర గురించి ఒక కథ చెప్పుకుంటారు. శబరి ఏటి ఒడ్డున మేం ఎవరిదో చెట్టు కింద డేరా వేశామట. ఆ చెట్టుగల దోర్ల తెగ ముసలమ్మ కోపగించి, జరిమానా కింద మా వదిన చేత మూడు రోజులు పువ్వు ఏరించిందట. అది చాలక ఏదో మంత్రించి పెట్టిందట. అందుకే ఇల్లు చేరిన మూడు నెలల్లోపే వదిన పోయిందట. కుళాయి దగ్గర పుట్టిన ఈ మాట, ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూడా నా చెవిన పడింది. చెప్పేవాళ్ళలో టీచర్లున్నారు, డిగ్రీలు ఉన్నవాళ్ళున్నారు. ఆ చెట్టు కింద మాత్రం వాళ్ళలో ఒక్కరూ లేరు. నేను ఉన్నాను. అందుకని బస్సెక్కిన గంట నుంచి దిగిన గంట దాకా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అటు వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి వివరాలూ దొరుకుతాయి.

అసలు మేం అనుకున్నది శబరి కాదు, సముద్రం. కిరండుల్‌కి బదిలీ అయి వచ్చిన కొత్తలో మొదలైన ముచ్చట అది. కుటుంబమంతా భీమిలి దగ్గర ఇసుకలో డేరా వేసుకుని నాలుగు రోజులు ఉండాలి. బంధువుల ఇళ్ళలో దిగకూడదు. దిగితే సెలవంతా పలకరింపులకూ, ఎవరింట్లో ముందు తిన్నామన్న అలకలకూ సరిపోతుంది. ఈ ఆలోచన మా వదిన మార్తమ్మది. మా ఆయన ప్రకాశంగారికి స్వయానా అక్క, ఆయన పిలుపులో 'అప్ప'. గ్యాంగ్‌మన్‌గా చేసే భర్త జ్వరంతో పోతే, కుట్టుమిషనూ ఒక ట్రంకు పెట్టే పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పదిహేనేళ్ళు మాతోనే ఉంది. కాలనీలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు ఆవిడ కుట్టినవే.

బచేలి సంతలో రెండు పాత టార్పాలిన్లు కొని ఆ మిషన్ మీదే డేరా కుట్టింది. ఎన్ని సూదులు విరిగాయో లెక్కలేదు. ఆ డేరా నాలుగేళ్ళు మంచం కింద చుట్టి ఉంది. ఏటా వేసవిలో పట్టుచీరలా తీసి ఎండలో ఆరేసి, మళ్ళీ చుట్టి పెట్టేది. మా ఆయనది స్టేషన్లో ఉద్యోగం. కొండ మీంచి ఇనప రాయి దిగుతున్నంత కాలం గూడ్సులు ఆగవు, గూడ్సులు ఆగనంత కాలం ఈయనకు సెలవు దొరకదు. దొరికిన ఏడు ఇంకెవరికో కాలు విరిగి అది కాస్తా రద్దయ్యేది. వదిన మాత్రం బట్టల మీద గీతలు గీసే సుద్దతో గచ్చు మీద పటం వేసి చూపిస్తూనే ఉండేది. ఇటు సముద్రం, ఇటు డేరా వాకిలి, ఇక్కడ పొయ్యి. పొయ్యి గాలి వాలుకి ఉందని నేను, లేదని ఆవిడ. లేని సముద్రం ఒడ్డున మేం నిజం పోట్లాటలే పోట్లాడుకునేవాళ్ళం.

ఈ ఏడు సంక్రాంతి దాటాక వదినకు మూడు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. విశాఖ తీసుకెళ్ళి చూపించాం. గుండెలో ఒక కవాటం బాగా ముడుచుకుపోయిందన్నారు. ఆపరేషన్ చేయించుకుంటే నిలబడుతుంది, లేకపోతే వానాకాలం దాటడం కష్టమని డాక్టరు మా ముందే చెప్పాడు. ఏప్రిల్ రెండో వారంలో తేదీ ఇచ్చాడు. బరువులెత్తకూడదు, వంగి పని చేయకూడదు.

ఇంటికి రాగానే వదిన, "ముందు డేరా. తరవాతే ఆపరేషను" అంది.

"ముందు ఆపరేషన్. సముద్రం ఎక్కడికీ పోదు" అన్నాను నేను.

"సముద్రం ఎక్కడికి పోద్దే రత్నం? పోయేది నానే కదేటి."

దీనికి ఏం జవాబు చెప్తారు? రెండు రోజులు చెప్పడానికి ప్రయత్నించాను. ఆఖరికి రాజీ కుదిరింది. ఒకే నెలలో విశాఖకు రెండుసార్లు పగలంతా రైల్లో కూర్చోవడం ఆవిడ వల్ల కాదు కాబట్టి సముద్రం మానేయాలి. దానికి బదులు దోర్నపాల్ దగ్గర శబరి ఒడ్డున రెండు రాత్రులు. తిరిగొచ్చాక ఏ గొడవా చేయకుండా విశాఖ బండి ఎక్కాలి. "సరే ఎక్కుతాను" అని వదిన తడిగుడ్డతో గచ్చు మీద సముద్రాన్ని తుడిచేసి, ఆ చోట ఏరు గీసింది.

మార్చి ఆఖరి గురువారం ఉదయం ఆరింటికి కిరండుల్‌లో సుక్మా బస్సెక్కాం. మా ఆయన, నేను, వదిన, పదిహేడేళ్ళ మా అమ్మాయి సుధ. డేరా చుట్టను చూసి కండక్టరు, "యే క్యా హై? తంబూ? ఊపర్ డాలో" అని దాన్ని బస్సు పైకి ఎక్కించి, దానికీ ఒక టికెట్ కొట్టాడు. కిరాయి పెద్దదేం కాదు, దుమ్ముకే సిద్ధపడి వెళ్ళండి. నకుల్‌నార్ చేరేసరికి ఏడున్నర. అక్కడ టీ బాగుంటుంది, గ్లాసు కడిగించుకుని తాగండి. ఆ తర్వాత రోడ్డు అని పిలుస్తున్న గోతుల మీదుగా పదకొండు దాటాక సుక్మా చేరాం. స్టాండు పక్క హోటల్లో రొట్టె, ఆలుగడ్డ కూర. వదిన సగం రొట్టె తిని, తక్కింది సుధ పళ్ళెంలో పెట్టింది.

దోర్నపాల్ మీదుగా కొంటా ఊరికి వెళ్ళే బస్సు పన్నెండున్నరకి. అందులో సంతలు తిరిగి గుడ్డలమ్మే కొంటా మనిషి ఒకతను మా సామాను చూసి నవ్వాడు.

"ఏందమ్మా, సర్కసోళ్ళా?"

"అవును. పులిని నేనే" అన్నాను.

అతను పడీపడీ నవ్వి, లేచి వదినకు కిటికీ పక్క సీటిచ్చాడు. ఏటి ఒడ్డున పడుకుంటామంటే, "మంచిదే. ఇప్ప కాలం గద, మనుషులంత అడివిలనే ఉంటరు. భయమేం లేదు" అన్నాడు. ఇప్ప కాలమంటే ఏమిటో, మనుషులు అడవిలో ఏం చేస్తుంటారో అడగాలని మా నలుగురిలో ఎవరికీ తోచలేదు. ఇప్పసారా వాసన మా కాలనీలో అందరికీ తెలుసు. ఇప్పచెట్టు ఎదురుగా నిలబడితే గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ లేరు.

రెండింటికి దోర్నపాల్‌లో దిగి ఉల్లిపాయలూ ఎండుచేపలూ కొన్నాం. వదినను నడిపించకూడదని ఎడ్లబండి మాట్లాడాం. పడవ రేవు దాటి, ఒడ్డు వెంబడి ఇంకో మైలు వెళ్ళి నాలుగింటికి ఆపించాం. శబరి నీళ్ళలో అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయి. మా ఊరి వాగులో ఎర్రటి నీళ్ళు చూసి చూసి, అంత తేట నీళ్ళంటే నాకెందుకో అనుమానమే వేసింది.

ఏటికి వంద గజాల దూరంలో ఒక పెద్ద చెట్టుంది. ఆకులన్నీ రాలిపోయి, కొమ్మల చివర మొగ్గలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. చుట్టూ మోకాలెత్తున ఎండాకు. ఆ చెట్టు కింద మాత్రం ఒక్క ఆకు లేదు. నేల కాల్చి, నున్నగా ఊడ్చి ఉంది.

"మన కోసమే ఎవరో ఊడ్చి పెట్టినట్టుంది" అన్నారు మా ఆయన.

"సర్వేవాళ్ళెవరో దిగి వెళ్ళుంటారు" అన్నాను నేను. బి.ఏ. చదివినదాన్ని. అడవిని పనిగట్టుకుని ఎవరు ఊడుస్తారు, ఎందుకు ఊడుస్తారు అని ఒక్క ప్రశ్న వేసుకోలేదు. మా కాలనీలో శుభ్రంగా ఉన్న చోటు ఎవరిదీ కాదు, ఆఫీసుది. ఆ లెక్కే ఇక్కడా వేశాం. తప్పు అక్కడ జరిగింది. మంత్రాలు వెతికేవాళ్ళు అక్కడ వెతుక్కోవాలి.

డేరా సరిగ్గా చెట్టు మొదట్లో వేశాం. వదిన గచ్చు మీద గీసినట్టే వాకిలి నీళ్ళ వైపు. పొయ్యి మాత్రం నేను చెప్పిన చోట. కిరసనాయిలు స్టవ్వు దారిలో ఎక్కడో సొట్టపడి కారుతోంది. కారిందంతా ఊడ్చిన నేల మీదే కారింది. గిన్నెలు కడిగిన సబ్బునీళ్ళూ ఆ పక్కనే పోశాం. వదిన రెండు ముద్దలు తిని, దుప్పటి కప్పుకుని, "బాగుందే" అంది. ఆ సాయంత్రం ఆవిడ అన్నది అదొక్కటే.

తెల్లవారుజామున టార్పాలిన్ మీద టపటప చప్పుడు. "అమ్మా, వాన" అంది సుధ. వాన కాదు. వాసన వేరేగా ఉంది, తియ్యగా, తల బరువెక్కేలా. ఇంతలో బయట మనుషుల గొంతులు వినబడ్డాయి.

వాకిలి ఎత్తి చూస్తే ఇద్దరు ఆడవాళ్ళు, చేతుల్లో గంపలు. ఒకామెకు అరవై ఉంటాయి. రెండో ఆమె ఆమె కోడలు. నేలంతా లేత పసుపు రంగు పువ్వులు, ద్రాక్షపళ్ళలా కండపట్టి ఉన్నాయి. డేరా మీద పడినవి జారి గుంజల చుట్టూ పోగయ్యాయి. బయటికి పెట్టిన నా మొదటి అడుగు కిందే గుప్పెడు చితికాయి.

"ఎవరమ్మా మీరు? ఈడెందుకు పండిండ్రు?" అంది పెద్దామె.

నిద్ర కళ్ళతో ఉన్నాను, మాట పడటం నాకు అలవాటు లేదు. "అడవిలో పడుకున్నాం. అడవి నీదా?" అన్నాను.

"అడివి నాది గాదు. చెట్టు నాది."

మా ఆయన వెనకనుంచి మెల్లగా, "చెట్టు మీద పేరు రాసి లేదు కదమ్మా" అన్నారు.

"ఊడ్చి ఉంది గద బాబూ. సదువుకున్నోళ్ళు, ఆ మాత్రం సదవరాదా?"

కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె పేరు లచ్చక్క. కోడలు చెప్పగా మాకు అర్థమైందేమిటంటే, ఇక్కడ ప్రతి ఇప్పచెట్టూ ఒక ఇంటిది. అత్త నుంచి కోడలికి వస్తుంది. పువ్వు రాలకముందే కింద ఆకు కాల్చి ఊడ్చి పెట్టుకుంటారు, తెల్లారకుండా వచ్చి ఏరుకుంటారు. ఎండబెట్టిన పువ్వు అమ్మితేనే ఉప్పు, నూనె, బట్ట. వానాకాలంలో అన్నం చాలకపోతే ఉడకబెట్టుకు తినేదీ ఆ పువ్వే. రాలేది ఇంక పది పొద్దులు. అందులో ఒక పొద్దు మా డేరా కిందా, మా కిరసనాయిల్లోనూ పోయింది. లచ్చక్క ఒక్కో పువ్వు తీసి వాసన చూస్తోంది. కొన్ని గంపలో, కొన్ని దూరంగా. దూరంగా వేసిన కుప్పే పెద్దదవుతోంది. అరవలేదు, తిట్టలేదు. మా ఆయన డబ్బులు తీస్తే, "పైసలు ఉడకబెట్టుకుంటనా?" అని మళ్ళీ నేల మీదికి వంగింది.

ఇక్కడ కాలనీకి తెలియని మాట ఒకటి రాయాలి. మా ఆయనా సుధా డేరా పీకి అవతలి మద్దిచెట్టు కిందికి మారుస్తున్నారు. నేను గిన్నెలు సర్దుతూ మా ఆయనతో, చుట్టుపక్కల వినబడేలాగే అన్నాను: "మీ అప్ప కోసమని వచ్చాం. ఆవిడేమో దుప్పట్లో మహారాణిలా కూర్చుంది. మాటలు పడటానికి మాత్రం నేను."

వదిన దుప్పటి మడిచి పక్కన పెట్టింది. లేచి చెట్టు కిందికి వెళ్ళి, లచ్చక్క ఎదురుగా గొంతుక్కూర్చుని పువ్వు ఏరడం మొదలెట్టింది.

"వదినా, వంగొద్దన్నాడు డాక్టరు!"

"నానేటి వొంగుతున్నానా? కూకున్నాను."

జరిమానా వేసింది ఎవరు మరి? లచ్చక్క నిజంగా అన్న మాట ఇదీ: "అక్కా, నువ్వు ఆ రాయి మీద కూసో. నీ ఊపిరి ఈడికి ఇనబడుతంది." చెట్టుకు పడమటి పక్క ఒక పలక రాయి ఉంది. వదిన దాని మీద కూర్చుని, చెయ్యి అందినంత మేర ఏరింది. కిరసనాయిలు పట్టినవి తనూ వాసన చూసి వేరు చేసింది. చిన్న చిన్న స్టేషన్ల గ్యాంగు క్వార్టర్లలో కాపురం చేసిన మనిషి, ఇక్కడి భాషలు రెండు మూడు తెలుసు. ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. నాకు నవ్వు వినబడింది కానీ మాట వినబడలేదు. నేను ఏటి దగ్గర గిన్నెలు తోముతున్నాను, కోపంగా.

పొద్దెక్కాక రాలడం ఆగిపోతుంది. మధ్యాహ్నం వదినను ఏటికి తీసుకెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టించాను. కాసేపు చూసి, "సల్లగున్నాయి" అని లేచింది. నాలుగేళ్ళు డేరా దాచుకుని, నీళ్ళు చూడాలని గచ్చంతా సుద్ద చేసిన మనిషి, తక్కిన రెండు ఉదయాలూ నీళ్ళకు వీపు పెట్టి పువ్వు ఏరింది. రెండో రోజుకి పెదాలు నల్లబడ్డాయి. నేను అరిచాను. మా ఆయన, "అప్పా, ఇంక ఒగ్గేయ్. ఈరోజే పోదాం" అని పక్కన కూర్చుని బతిమాలారు. "రేపు పొద్దున్న ఏరీసి పోదార్రా" అంది. రెండు రాత్రులు మూడయ్యాయి. మూడో ఉదయం ఆవిడ రాయి మీంచి కదలలేకపోయింది. లచ్చక్కే రెండు చేతులతో పువ్వును ఆవిడ వైపు నెట్టింది, సుధ అందించింది. మా వల్ల పోయిన పొద్దు ఆ ముగ్గురి చేతుల్లో కొంతైనా తీరిందా? అడిగితే లచ్చక్క, "సెట్టుకి పోయేదేం లేదు తల్లీ" అంది. అది నన్ను క్షమించడమో, కాదో తెలియలేదు.

బయల్దేరేటప్పుడు వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. ఈ మాటలు నేను స్పష్టంగా విన్నాను.

"వచ్చే ఏడు ముందుగా వస్తాను. ఆకు కాల్చేటప్పుడే కబురు పెట్టు. ఊడ్చడానికీ ఉంటాను."

లచ్చక్క నవ్వి ఊరుకోలేదు. చెట్టు వంక చూసి ఆలోచించింది. "పడమటి పక్క నీది. రాయి కాడ. నా కోడలికి తూరుపు పక్క ఇస్త."

"ఆ పక్క కొమ్మ చిన్నది కదేటి?"

"సిన్నదైతేంది, పువ్వు లావు."

వదిన పైకి చూసి, కొమ్మను కొలిచినట్టు చూసి, ఒప్పుకుంది. గుడ్డ బేరంలో ఆవిడ ముఖం ఎలా ఉండేదో అలాగే ఉంది అప్పుడు.

ఆదివారం తొమ్మిదిన్నరకి దోర్నపాల్‌లో బస్సు. పదకొండింటికల్లా సుక్మా. ఆ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ ఊడ్చి ఉన్న చెట్టు కింద కాలు కూడా పెట్టకండి. ఎండాకులో పడుకోండి.

సుక్మా నుంచి కిరండుల్ బస్సులో వదిన నా పక్కన కూర్చుంది. మా ఆయనా సుధా వెనక సీట్లో నిద్రపోయారు. గాదిరాస్ దాటాక అంది: "తమ్ముడికి నువ్వే చెప్పు. నాను విశాఖ రాను."

"ఏమన్నావు?" అన్నాను. మళ్ళీ అదే మాట అంది.

"మాటిచ్చావు కదా?"

"ఇచ్చాను."

"భయమా?"

"కాదు."

"నేనన్న మాటకా? మహారాణి అన్నందుకా?"

"ఛ, నీ మాటలు నాకు కొత్తా?" అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గేసరికి నకుల్‌నార్ వచ్చింది. అక్కడి నుంచి కిరండుల్ దాకా వాదించాను. డాక్టరు అన్నది చెప్పాను, సుధ పెళ్ళికి ఎవరు కుడతారని అడిగాను, ఏడ్చాను కూడా. కిటికీ బయట రాను రాను చెట్ల ఆకుల మీద ఎర్ర దుమ్ము దట్టమవుతోంది. వదిన ఆ దుమ్మునే చూస్తూ కూర్చుంది. నాలుగింటికి దిగాం.

ఏప్రిల్ రెండో వారం వచ్చింది, పోయింది. పాస్టరుగారు చెప్పారు, డాక్టరు ఉత్తరం రాశాడు, మా ఆయన కాళ్ళు పట్టుకున్నారు. ఆవిడ వెళ్ళలేదు. జూన్‌లో తొలి వాన పడిన రోజు మిషన్ ముందు కూర్చునే ఒరిగిపోయింది. మంత్రమూ లేదు, మాయా లేదు. ముడుచుకుపోయిన కవాటం ఒకటి, వెళ్ళనన్న మొండితనం ఒకటి.

కాలనీ వాళ్ళ కథతో నా తగువు ఇక్కడితో తీరింది. వదినతో తగువు తీరలేదు. పడమటి పక్క కొమ్మ చిన్నదని బేరమాడిన మనిషికి వచ్చే ఏడు కావాలి. ఆ వచ్చే ఏడు విశాఖలో ఉందని ఆవిడకు తెలుసు. ఉదయం ఏడింటికి చెట్టు కింద ఒక మాట, మధ్యాహ్నం బస్సులో నాతో ఇంకో మాట. వదినా, ఆ రెండింట్లో దేన్ని నమ్మి అన్నావు?